కెర్నల్ కోడ్‌లో వేరియబుల్ పేరు: పొట్టిదా, పొడుగుదా? టైపు చెప్పాలా, యూనిట్ చెప్పాలా?

కొన్నేళ్ల కిందట నేను రాసిన ఒక డ్రైవర్‌లో ‘టైమౌట్ = 250’ అని ఒక లైన్ ఉండేది. పరికరం జవాబివ్వకపోతే ఎంతసేపు ఎదురుచూడాలో చెప్పే లైన్ అది. నా మెషీన్‌లో ఏ గొడవా లేకుండా నడిచింది. అదే కోడ్‌ని ఒక చిన్న బోర్డు మీద పెడితే మాత్రం, పరికరం పలకని ప్రతిసారీ డ్రైవర్ రెండున్నర సెకన్లు బిగుసుకుపోయేది. రెండు రోజులు హార్డ్‌వేర్‌నే అనుమానించాను. చివరికి తేలిందేమిటంటే, ఆ 250ని నేను మిల్లీసెకన్లు అనుకున్నాను, దాన్ని అందుకునే ఫంక్షన్ జిఫీలు అనుకుంది. లినక్స్‌లో జిఫీ అంటే టైమర్ ఒక టిక్కుకీ ఇంకో టిక్కుకీ మధ్య వ్యవధి. సెకనుకు ఎన్ని టిక్కులో కెర్నల్‌ని (హార్డ్‌వేర్‌నీ ప్రోగ్రాములనూ నడిపించే, ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డు) కంపైల్ చేసేటప్పుడే ‘హెచ్‌జెడ్’ అనే సంఖ్యతో నిర్ణయిస్తారు. నా మెషీన్‌లో అది 1000, అంటే ఒక జిఫీ సరిగ్గా ఒక మిల్లీసెకను. బోర్డు మీద అది 100. అక్కడ అదే 250 పదింతలయింది.

కంపైలర్ ఒక్క మాట అనలేదు. అనడానికి దానికి ఆధారమే లేదు, రెండూ మామూలు పూర్ణాంకాలే కదా. అదే వేరియబుల్ పేరు ‘టైమౌట్_ఎంఎస్’ అయి ఉంటే, జిఫీలు అడిగే ఫంక్షన్‌కి దాన్ని తిన్నగా ఇచ్చేస్తున్నప్పుడు నా కన్నే ఆగిపోయేది. రివ్యూ చేసినవాళ్ల కన్నయినా ఆగేది.

అప్పటినుంచి పేర్ల విషయంలో నాది ఒకటే కొలత. కంపైలర్ పట్టుకోలేనిదాన్ని పేరు చెప్పాలి, కంపైలర్ ఎలాగూ పట్టుకునేదాన్ని పేరులో మళ్లీ చెప్పనక్కర్లేదు. కింద పోల్చిన ప్రతి జంటనీ ఈ కొలతతోనే చూశాను. అందరూ ఒప్పుకోకపోవచ్చు, ఎక్కడ ఒప్పుకోరో కూడా చెబుతాను. ఇక్కడ వేరియబుల్ పేర్లన్నీ పలికే తీరులో తెలుగు లిపిలోనే రాశాను. కోడ్‌లో అవి ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయని వేరే చెప్పక్కర్లేదు.

పొట్టి పేరా, పొడుగు పేరా

అన్నిటికన్నా ఎక్కువ వాదన జరిగేది దీని మీదే. నిజానికి ఇది అంత కష్టమైన ఎంపిక కాదు.

లినక్స్ కెర్నల్ కోడింగ్ స్టైల్ పత్రం ఈ విషయంలో సూటిగా ఉంటుంది. లోకల్ వేరియబుల్స్ పొట్టిగా ఉండాలి. లూప్ కౌంటర్‌కి ‘ఐ’ చాలు, ‘లూప్_కౌంటర్’ అని రాస్తే టైపింగ్ శ్రమ తప్ప ఒరిగేదేమీ లేదు. తాత్కాలికంగా ఒక విలువ దాచుకోవడానికి ‘టీఎంపీ’ చాలు. గ్లోబల్ వేరియబుల్స్, గ్లోబల్ ఫంక్షన్ల సంగతి పూర్తిగా వేరు, వాటికి అర్థం తెలిసే పేరు తప్పనిసరి. చురుగ్గా ఉన్న యూజర్లను లెక్కపెట్టే ఫంక్షన్ ఉంటే అది ‘కౌంట్_యాక్టివ్_యూజర్స్’ కావాలిగానీ ‘సీఎన్‌టీయూఎస్ఆర్’ కాకూడదని ఆ పత్రంలోనే ఉదాహరణ ఉంది.

దీని వెనకున్న లెక్క దూరం లెక్క. వేరియబుల్ పుట్టిన చోటుకీ వాడిన చోటుకీ మధ్య దూరం ఎంతైతే పేరు అంత మాట్లాడాలి. పుట్టిన లైనూ వాడిన లైనూ ఒకే చూపులో కనిపిస్తున్నప్పుడు పేరు చెప్పాల్సింది చుట్టూ ఉన్న కోడే చెబుతుంది. మూడు ఫైళ్ల అవతల ఎవరో వాడేటప్పుడు పేరు తప్ప ఇంకో ఆధారం ఉండదు.

మామూలు అప్లికేషన్ కోడ్ నుంచి వచ్చినవాళ్లకు కెర్నల్‌లో ఇంత పొట్టి పేర్లు ఎందుకో వింతగా తోస్తుంది. ఒక కారణం చోటు. ఒక ట్యాబ్ 8 అక్షరాల వెడల్పు, లైన్ 80 అక్షరాల్లో ముగిస్తే మంచిదని స్టైల్ చెబుతుంది (తనిఖీ చేసే ‘చెక్‌ప్యాచ్’ స్క్రిప్టు 2020 నుంచి 100 దాటితేనే గొణుగుతోంది). మూడు ట్యాబ్‌ల లోపలికి వెళ్లేసరికి 24 అక్షరాలు ఖాళీలకే పోతాయి. అక్కడ ‘కరెంట్_మెమరీ_రీజియన్_డిస్క్రిప్టర్’ లాంటి పేరుంటే ఒక్క కండిషన్ మూడు లైన్లకు విరుగుతుంది, తర్కం పేర్ల కింద కూరుకుపోతుంది.

ఇంకో కారణం చరిత్ర. 1989 సీ ప్రమాణం ప్రకారం వేరే ఫైళ్లకు కనిపించే పేర్లలో మొదటి 6 అక్షరాలను గుర్తుపెట్టుకుంటే చాలు, పెద్దక్షరం చిన్నక్షరం తేడా కూడా లింకర్ పట్టించుకోనక్కర్లేదు. 1999లోనే అది 31కి పెరిగింది. పాత యునిక్స్ పేర్లలో అచ్చులు ఎగిరిపోయి కనిపించడానికి ఆ రోజుల బిగుతు కూడా కారణమే. ఫైల్ తయారుచేసే సిస్టమ్ కాల్‌కి ‘క్రియేట్’ స్పెల్లింగ్‌లో చివరి ‘ఈ’ లేకుండానే పేరు పెట్టారు. యునిక్స్‌ని మళ్లీ రాస్తే ఏం మారుస్తారని అడిగితే, ఆ ‘ఈ’ చేరుస్తానని యునిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ సరదాగా అన్న మాట చాలామందికి తెలుసు. ఆ బిగుతు ఇప్పుడు లేదు కాబట్టి అచ్చులు మింగేయడానికి సాకు కూడా లేదు. పొట్టి పేరు కావాలంటే పొట్టి మాట ఎంచుకోండి, పొడుగు మాటని నరకకండి.

నేను ‘ఐ’ వదిలేసే చోటు ఒకటుంది. ఒక లూప్ లోపల ఇంకో లూప్ వచ్చినప్పుడు, అందులోనూ రెండు ఇండెక్సులు రెండు వేర్వేరు వస్తువులవి అయినప్పుడు. బయటి లూప్ సీపీయూల మీద, లోపలి లూప్ మెమరీ నోడ్‌ల మీద తిరుగుతుంటే ‘ఐ’, ‘జే’ అని పెట్టడం కోరి కష్టం తెచ్చుకోవడమే. రెండూ పూర్ణాంకాలు కాబట్టి తారుమారైతే కంపైలర్ పట్టదు. ‘సీపీయూ’, ‘ఎన్ఐడీ’ (నోడ్ నంబర్) అంటే మూడేసి అక్షరాలే కదా.

ఒకటి రెండు అక్షరాల పేర్లు ఇల్లంతా వాడినా ఇబ్బంది రాని సందర్భమూ ఉంది. ఎంఐటీలో పాఠం చెప్పడానికి రాసిన ‘ఎక్స్‌వీ6’ కెర్నల్‌లో ‘పీ’ అంటే దాదాపు ఎక్కడైనా ప్రాసెస్, ‘ఐపీ’ అంటే ఐనోడ్ (ఒక ఫైల్ వివరాలు ఉంచే స్ట్రక్చర్), ‘బీపీ’ అంటే బఫర్. ఫ్రీబీఎస్‌డీ అనే యునిక్స్ జాతి సిస్టమ్‌లో ‘టీడీ’ అంటే థ్రెడ్. లినక్స్‌లో నెట్‌వర్క్ ప్యాకెట్ ఎప్పుడూ ‘ఎస్‌కేబీ’. అర్థం అన్నిచోట్లా ఒకటే కాబట్టి అవి నిలబడ్డాయి. అలాంటి మాట ఉన్నచోట మీరు ‘ప్యాకెట్_బఫర్’ అని మెరుగైన పేరు పెడితే చదివేవాళ్లు అది వేరే వస్తువేమో అనుకుంటారు. అది మెరుగు కాదు.

టైపు చెప్పే పేరా, యూనిట్ చెప్పే పేరా

వేరియబుల్ ముందు దాని రకాన్ని సూచించే అక్షరాలు తగిలించే పద్ధతిని హంగేరియన్ నొటేషన్ అంటారు. చార్లెస్ సిమోనీ తెచ్చిన పద్ధతి ఇది. ఆయన ఉద్దేశం ఒకటైతే జనంలోకి వెళ్లింది ఇంకొకటి. ఆయన చెప్పింది వస్తువు ఏ జాతిదో పేరులో ఉండాలని. ‘సీబీ’ అంటే బైట్ల లెక్క, ‘సీసీహెచ్’ అంటే అక్షరాల లెక్క. ఒక అక్షరానికి రెండు బైట్లు పట్టే చోట ఈ రెండూ కలిసిపోతే బఫర్ పొంగిపొర్లుతుంది. రెండూ పూర్ణాంకాలే, కంపైలర్‌కి తేడా తెలియదు. అంటే ఆ పేర్లు కంపైలర్ పట్టుకోలేనిదాన్నే చెబుతున్నాయి. తర్వాత వచ్చిన వాడుకలో ‘పాయింటర్ అయితే పీ’, ‘32 బిట్ల పూర్ణాంకమైతే డీడబ్ల్యూ’ అంటూ కంపైలర్‌కి ఎలాగూ తెలిసిన సంగతే పేరులోకి ఎక్కింది. లినక్స్ స్టైల్ పత్రం తిట్టిపోసేది ఈ రెండోదాన్ని. మొదటిదాన్ని దీనితోపాటు చెత్తబుట్టలో వేయడం మాత్రం నష్టమే.

టైపు పేరులో ఉంటే ఎలా ఎదురు తిరుగుతుందో చూడాలంటే ‘ఎంమ్యాప్_సెమ్’ కథ చాలు. ప్రాసెస్ అడ్రస్ స్పేస్‌ని కాపాడే లాక్ అది. సెమాఫోర్ అనే రకం లాక్ కాబట్టి ‘సెమ్’ అన్నారు. రేపు ఆ లాక్ లోపలి తయారీ మార్చాలంటే వందల చోట్ల ఉన్న ఆ పేరు అబద్ధమవుతుంది. 2020లో లినక్స్ 5.8లో దాన్ని ‘ఎంమ్యాప్_లాక్’ అని మార్చి, నేరుగా ముట్టుకోకుండా చిన్న ఫంక్షన్ల వెనక పెట్టారు. ఇప్పుడు పేరు దాని పని చెబుతోంది, దేనితో చేశారో చెప్పడం లేదు.

యూనిట్ల దగ్గర మాత్రం నేను పిసినారితనం చూపను. కెర్నల్‌లో ఒకే రకం పూర్ణాంకం ఎన్ని వేషాలు వేస్తుందో చూడండి.

కాలం. లినక్స్‌లో ‘ఎంస్లీప్’ మిల్లీసెకన్లు అడుగుతుంది, ‘యూడిలే’ మైక్రోసెకన్లు, ‘షెడ్యూల్_టైమౌట్’ జిఫీలు. ఫ్రీబీఎస్‌డీలో ‘టీస్లీప్’ చివరి ఆర్గ్యుమెంట్ ‘టిమో’ టిక్కుల్లో ఉంటుంది. విండోస్ కెర్నల్‌లో వెయిట్ ఫంక్షన్లు తీసుకునే ‘టైమౌట్’ 100 నానోసెకన్ల ముక్కల్లో ఉంటుంది, అదీ ఇప్పటినుంచి ఇంతసేపు అని చెప్పాలంటే రుణ సంఖ్య ఇవ్వాలి. ఒక్క సెకను ఆగాలంటే మైనస్ కోటి. ‘టైమౌట్’ అనే ఒక్క మాటకి ఇన్ని అర్థాలుంటే, మీ వేరియబుల్ చివర ‘_ఎంఎస్’, ‘_యూఎస్’, ‘_ఎన్ఎస్’, ‘_జిఫీస్’ లాంటి తోకల్లో ఒకటి ఉండాల్సిందే. ఇది నేను పట్టుబట్టే విషయం.

డిస్క్. బ్లాక్ లేయర్‌లో ‘సెక్టార్’ అంటే ఎప్పుడూ 512 బైట్లే, డిస్క్ సొంత బ్లాక్ 4096 బైట్లు అయినా సరే. అలాంటి డిస్క్ మీద 8వ సెక్టార్ అంటే 4096వ బైటు, అంటే డిస్క్ లెక్కలో 1వ బ్లాక్ (లెక్క సున్నా నుంచి). ‘బ్లాక్’, ‘సెక్టార్’ అనే మాటలను ఒకదాని బదులు ఒకటి వాడేవాళ్లు ఇక్కడే పడతారు. బ్లాక్ నంబర్ పట్టుకున్న వేరియబుల్‌కి ‘సెక్టార్’ అని పేరు పెట్టడం కన్నా ‘ఎక్స్’ అని పెట్టడం నయం. ‘ఎక్స్’ కనీసం అబద్ధం చెప్పదు.

మెమరీ. బైట్లు, పేజీలు (మెమరీని కెర్నల్ పంచే సమాన ముక్కలు), ఆర్డర్ అని మూడు లెక్కలు. ఆర్డర్ 3 అంటే 2 ఘాతం 3, అంటే 8 పేజీలు. 4 కేబీ పేజీలైతే 32 కేబీ. ఆర్మ్ 64లో పేజీ సైజు 64 కేబీగా పెట్టుకోవచ్చు, అప్పుడు అదే 512 కేబీ. ‘సైజ్ = 3’ అని రాస్తే ఈ మూడింట్లో ఏదైనా కావచ్చు. లినక్స్‌లో లెక్కపెట్టే వాటికి ‘ఎన్ఆర్_’ అని ముందు పెట్టే మంచి అలవాటుంది, ‘ఎన్ఆర్_పేజెస్’ చూడగానే సంగతి తెలుస్తుంది. నా సొంత అలవాటు ఇలా ఉంటుంది: వస్తువుల సంఖ్యకి ‘ఎన్ఆర్_’, బఫర్ మొత్తం కెపాసిటీకి ‘సైజ్’, అందులో నిండిన మేరకు ‘లెన్’. ఒకే ఫంక్షన్‌లో బైట్లూ పేజీలూ రెండూ తిరుగుతుంటే మొహమాటం లేకుండా ‘_బైట్స్’ అని తోక తగిలిస్తాను. అన్నట్టు, కెర్నల్‌లోని ‘అర్రే_సైజ్’ మ్యాక్రో పేరులో సైజ్ ఉన్నా అది ఇచ్చేది ఎలిమెంట్ల సంఖ్య, బైట్లు కాదు. పాత పేరు, మారదు. గుర్తుపెట్టుకోవడమే.

‘లెన్’ ఒక్కటే ఉంటే ఎంత తికమక అవుతుందో ‘ఎస్‌కేబీ’ చూపిస్తుంది. అందులో ‘లెన్’, ‘డేటా_లెన్’ అని రెండున్నాయి. మొదటిది ప్యాకెట్ మొత్తం పొడవు. రెండోది పేరు చూసి డేటా పొడవు అనుకుంటారు, కానీ అది విడి పేజీల్లో ఉన్న భాగం పొడవు మాత్రమే. వరసగా ఉన్న భాగం కావాలంటే మొదటిదాంట్లోంచి రెండోది తీసేయాలి, దానికోసం ‘ఎస్‌కేబీ_హెడ్‌లెన్’ అని వేరే ఫంక్షనే ఉంది. కొత్తగా రాసేటప్పుడు ‘మొత్తం’ ఏదో ‘భాగం’ ఏదో పేర్లలోనే తేల్చేస్తే అలాంటి అవస్థ ఉండదు.

అడ్రస్‌ల సంగతి కొంచెం సున్నితం. యూజర్ ప్రోగ్రామ్ ఇచ్చిన పాయింటర్‌కి లినక్స్‌లో ‘__యూజర్’ అని గుర్తు పెడతారు, ‘స్పార్స్’ అనే తనిఖీ సాధనం దాన్ని చూసి తప్పు పట్టుకుంటుంది. బైట్ల వరస వేరుగా ఉండే లిటిల్ ఎండియన్, బిగ్ ఎండియన్ విలువలకూ అలాంటి గుర్తులున్నాయి. కాబట్టి వాటిని పేరులో మళ్లీ మోయనక్కర్లేదు. కానీ ఫిజికల్ అడ్రస్, పరికరం చూసే డీఎంఏ అడ్రస్, పేజీ ఫ్రేమ్ నంబర్, పూర్ణాంకంగా మార్చిన వర్చువల్ అడ్రస్... ఇవన్నీ లోపల ఉత్త పూర్ణాంకాలు. టైపు పేర్లు వేరైనా ఒకదాన్ని ఇంకోదాంట్లో పోస్తే ఎవరూ ఆపరు. చాలా మెషీన్లలో ఫిజికల్ అడ్రస్, డీఎంఏ అడ్రస్ ఒకటే అయి కూర్చుంటాయి కాబట్టి పరీక్షలో కూడా తప్పు బయటపడదు. మధ్యలో ఐఓఎంఎంయూ (పరికరం అడిగిన అడ్రస్‌ని ఫిజికల్ అడ్రస్‌గా మార్చే హార్డ్‌వేర్) ఉన్న మెషీన్ తగిలిన రోజు బయటపడుతుంది. ఇక్కడ ‘అడ్రస్’ అనే ఒంటి పేరు వద్దు. ‘పీఏడీడీఆర్’, ‘డీఎంఏ_ఏడీడీఆర్’, ‘పీఎఫ్ఎన్’, ‘వీఏడీడీఆర్’ అని ఏది ఏదో తేల్చండి.

ఇంటిపేరు కావాలా, వద్దా

పాత యునిక్స్‌లో ప్రతి స్ట్రక్చర్ సభ్యుడికీ ఒక ఇంటిపేరు ఉండేది. ప్రాసెస్ సభ్యులకు ‘పీ_’, ఐనోడ్ సభ్యులకు ‘ఐ_’, బఫర్‌కి ‘బీ_’. అది సోకు కాదు, అవసరం. తొలి సీ కంపైలర్లలో స్ట్రక్చర్ సభ్యుల పేర్లన్నీ ఒకే గంపలో ఉండేవి, రెండు స్ట్రక్చర్లలో ఒకే పేరుంటే గొడవ. ఆ అవసరం తీరి దశాబ్దాలైనా అలవాటు మిగిలింది. లినక్స్ ఐనోడ్‌లో ఇప్పటికీ ‘ఐ_సైజ్’, సూపర్‌బ్లాక్‌లో (ఫైల్‌సిస్టమ్ మొత్తం వివరాలు ఉండేది) ‘ఎస్_ఫ్లాగ్స్’, డెంట్రీలో (డైరెక్టరీలోని ఒక్కో పేరుకి ఉండేది) ‘డీ_నేమ్’.

మరి కొత్త స్ట్రక్చర్‌కి ఇది పెట్టాలా? నా ఓటు, ఎక్కువమంది ముట్టుకునే స్ట్రక్చర్‌కి పెట్టమనే. కంపైలర్‌కి అక్కర్లేకపోయినా వెతికేవాళ్లకు కావాలి. ‘ఐ_సైజ్’ అని గ్రెప్ (ఫైళ్లలో మాట వెతికే సాధనం) కొడితే ఐనోడ్ సైజే వస్తుంది. ‘సైజ్’ అని కొడితే కెర్నల్ మొత్తం మీద పడుతుంది. లినక్స్‌లో టాస్క్ (నడిచే ఒక్కో థ్రెడ్) స్ట్రక్చర్‌కి అలాంటి ఇంటిపేరు లేదు. అందులో 2021 దాకా ఉన్న ‘స్టేట్’ అనే సభ్యుణ్ని ఎవరెవరు వాడుతున్నారో వెతకడం ఎంత పనయ్యేదో ఊహించండి. మీ డ్రైవర్ ఒక్క ఫైల్‌లోనే ఉండే చిన్న స్ట్రక్చర్‌కయితే ఇంటిపేరు దండగ.

ఫంక్షన్లు, గ్లోబల్స్ విషయంలో వాదనే లేదు, సబ్‌సిస్టమ్ పేరు ముందుండాలి. విండోస్ ఎన్‌టీ కెర్నల్ దీన్ని రెండక్షరాల్లో తేల్చింది: ‘కేఈ’ అంటే కెర్నల్ మధ్యభాగం, ‘ఎంఎం’ అంటే మెమరీ, ‘ఐఓ’ అంటే ఇన్‌పుట్ అవుట్‌పుట్, ‘ఓబీ’ అంటే ఆబ్జెక్ట్ మేనేజర్. క్రాష్ డంప్‌లో ఫంక్షన్ల వరస చూస్తుంటే ఎవరింట్లో గొడవ జరిగిందో వెంటనే తెలుస్తుంది.

లోకల్ వేరియబుల్స్‌కి పేరు పెట్టేటప్పుడు ఒక గుంత ఉంది. లినక్స్‌లో ‘కరెంట్’ అనేది ఇప్పుడు నడుస్తున్న టాస్క్‌ని ఇచ్చే మ్యాక్రో. అదే పేరుతో లోకల్ పెడితే కంపైలర్ అర్థంకాని ఎర్రర్ విసురుతుంది. ఇంకొకటి, మ్యాక్రో లోపల వేరియబుల్‌కి ‘రెట్’ అని పెట్టకండి. పిలిచినవాళ్ల దగ్గర కూడా ‘రెట్’ ఉంటే రెండూ గుద్దుకుంటాయి. మ్యాక్రో పేరునే ఇంటిపేరుగా పెట్టమని స్టైల్ పత్రం కూడా చెబుతుంది.

‘రెట్’, ‘ఎర్ర్’, ‘ఆర్‌సీ’

ఏదైనా పర్లేదు. ఫైల్‌లో ముందునుంచీ ఏది ఉంటే అది వాడండి. ఒకే ఫంక్షన్‌లో రెండు మాత్రం వద్దు, చివర్లో తప్పుది రిటర్న్ చేస్తారు. ‘ఫ్లాగ్స్’ విషయంలో మాత్రం కొంచెం ఆగాలి. ఇంటరప్ట్‌లు ఆపి లాక్ తీసుకునేటప్పుడు పాత స్థితి దాచుకునే వేరియబుల్‌కి లినక్స్ అంతటా ‘ఫ్లాగ్స్’ అనే అంటారు. మీ ఫంక్షన్‌కి వచ్చే ఆర్గ్యుమెంట్ కూడా ‘ఫ్లాగ్స్’ అయితే, మార్చాల్సింది ఆర్గ్యుమెంట్ పేరే. ‘ఓపెన్_ఫ్లాగ్స్’ అనో, ‘జీఎఫ్‌పీ_ఫ్లాగ్స్’ అనో స్పష్టంగా చెప్పండి.

ఎర్రర్ వస్తే ఎక్కడికి దూకాలో చెప్పే గోటూ లేబుళ్లు వేరియబుల్స్ కాకపోయినా ఇక్కడే చెప్పేస్తాను. ‘ఎర్ర్1’, ‘ఎర్ర్2’ అని నంబర్లు వేస్తే, మధ్యలో కొత్త అలకేషన్ చేర్చిన రోజున నంబర్లన్నీ జరపాలి, లేదా ‘ఎర్ర్1ఏ’ పుడుతుంది. ‘అవుట్_ఫ్రీ_బఫర్’ అంటే అక్కడ ఏం జరుగుతుందో పేరే చెబుతుంది, ఎన్ని చేర్చినా చెడదు.

అవునా, కాదా

బూలియన్ పేరులో ‘కాదు’ ఉండకూడదు. ‘డిసేబుల్_క్యాష్’ ఫాల్స్ అయితే క్యాష్ ఉన్నట్టా లేనట్టా అని ఒక్క క్షణం ఆగాలి. లాక్ పట్టుకున్న కోడ్ చదువుతూ బుర్ర నిండిపోయి ఉన్నప్పుడు ఆ క్షణమే బగ్‌కి దారి. ‘క్యాష్_ఎనేబుల్డ్’ నయం. బూట్ లైన్‌లో యూజర్ ఇచ్చే ఆప్షన్ ‘నో’ తో మొదలైనా లోపలి వేరియబుల్‌ని అవునన్నట్టుగానే పెట్టుకోవచ్చు.

ఫంక్షన్ ఇచ్చిన విలువ దాచుకునేటప్పుడు ఆ ఫంక్షన్ పేరు ఆజ్ఞలా ఉందో ప్రశ్నలా ఉందో చూడండి. లినక్స్ ఆనవాయితీలో ‘యాడ్_వర్క్’ లాంటి ఆజ్ఞ పని జరిగితే 0 ఇస్తుంది, జరక్కపోతే రుణ ఎర్రర్ నంబర్. ‘పీసీఐ_డెవ్_ప్రెజెంట్’ లాంటి ప్రశ్న అవునంటే 1. ఒకదానికి సున్నా మంచి వార్త, ఇంకోదానికి చెడు వార్త. మొదటిదాన్ని ‘ఎర్ర్’ లోనూ రెండోదాన్ని ‘ప్రెజెంట్’ లాంటి పేరులోనూ పట్టుకుంటే, కింద రాసే కండిషన్ దానంతటదే సరిగ్గా వస్తుంది. రెండిటినీ ‘రెట్’ లో పట్టుకుంటే ఎక్కడ ఆశ్చర్యార్థకం పెట్టాలో ప్రతిసారీ వెనక్కి వెళ్లి చూడాలి.

తప్పుడు పేరు కనిపిస్తే మార్చాలా, వదిలేయాలా

కొత్త పేరు పెట్టడం కన్నా ఇది కష్టం. కెర్నల్ నిండా చరిత్ర మిగిల్చిన పేర్లున్నాయి. టాస్క్ స్ట్రక్చర్‌లో ‘పిడ్’ అంటే నిజానికి థ్రెడ్ నంబర్. యూజర్ ప్రోగ్రామ్ ‘గెట్‌పిడ్’ అని అడిగితే వచ్చేది లోపల ‘టీజిడ్’ (థ్రెడ్ గ్రూప్ నంబర్) అని పిలిచే విలువ. కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ ఇక్కడ ఒకసారి తడబడతారు. ‘అన్‌లాక్డ్_ఐఓసీటీఎల్’ ఇంకో విచిత్రం. ఒకప్పుడు కెర్నల్ మొత్తానికి ఒకే పెద్ద లాక్ ఉండేది, ఆ లాక్ లేకుండా పిలిచే ఫంక్షన్ అని దాని అర్థం. ఆ పెద్ద లాక్ 2011లో 2.6.39తో పోయింది. లేని లాక్‌ని తీసుకోవడం లేదని చెప్పే పేరు మాత్రం ఎన్నో డ్రైవర్లలో అలాగే ఉంది. ‘ఎంఎం_యూజర్స్’, ‘ఎంఎం_కౌంట్’ జంట అయితే మరీ. మొదటిది ఆ అడ్రస్ స్పేస్‌ని నిజంగా వాడుకునేవాళ్ల లెక్క. రెండోది ఆ స్ట్రక్చర్‌ని ఉత్తినే బతికించి ఉంచేవాళ్ల లెక్క, అందులో వాడుకునేవాళ్లంతా కలిసి ఒక్కరు. పేర్లు చూసి ఇది ఎవరూ కనిపెట్టలేరు. వాటిని పెంచి తగ్గించే ఫంక్షన్లకు మాత్రం ఇప్పుడు వేర్వేరు క్రియలున్నాయి: ఒకదానికి ‘గెట్’, ‘పుట్’, ఇంకోదానికి ‘గ్రాబ్’, ‘డ్రాప్’. సభ్యుల పేర్లు మార్చకుండానే గందరగోళం సగం తగ్గింది. ఖర్చు తక్కువ దారి అది, నాకు నచ్చింది.

పేరు మారిస్తే ఖర్చు ఎక్కడ పడుతుందంటే, పాత స్టేబుల్ కెర్నల్‌కి ఫిక్స్ తీసుకెళ్లేవాళ్ల మీద. అక్కడ పాత పేరే ఉంటుంది, ప్యాచ్ అతకదు. ట్రేసింగ్ సాధనాలు, బీపీఎఫ్ ప్రోగ్రాములు (నడుస్తున్న కెర్నల్‌లోకి ఎక్కించే చిన్న ప్రోగ్రాములు) స్ట్రక్చర్ సభ్యులను పేరుతో పిలుస్తాయి కాబట్టి వాటి మీదా పడుతుంది. 2021లో 5.14లో టాస్క్ ‘స్టేట్’ ని ‘__స్టేట్’ గా మార్చినప్పుడు అలాంటి ప్రోగ్రాములు రెండు పేర్లనూ పరీక్షించుకోవాల్సి వచ్చింది. అయినా ఆ మార్పు సరైనదే. దాని టైపు మారుతోంది, నేరుగా ముట్టుకునే పాత కోడ్ చప్పుడు లేకుండా కంపైల్ అయిపోకూడదు. పేరు మారితే కంపైల్ ఆగుతుంది, ప్రతి చోటూ ఒకరు చూసి తీరాలి.

నా పద్ధతి ఇది. పేరు అందంగా లేదంతే అయితే వదిలేయండి. పేరు అబద్ధం చెబుతూ ఉండి, దాని అర్థం కూడా ఇప్పుడు మారుతుంటే తప్పక మార్చండి, పేరు మార్పు ఒక్కటే ఉన్న వేరే ప్యాచ్‌గా పంపండి. వందల చోట్లుంటే చేత్తో కాదు, సీ కోడ్‌ని నమూనా ప్రకారం అన్నిచోట్లా మార్చే ‘కాక్సినెల్’ లాంటి సాధనంతో. ఎంమ్యాప్ లాక్‌కి అదే చేశారు. యూజర్ స్పేస్‌కి (కెర్నల్ బయటి ప్రోగ్రాములకు) కనిపించే పేరైతే ముట్టుకోవద్దు. ‘మాస్టర్-స్లేవ్’, ‘బ్లాక్‌లిస్ట్’ లాంటి మాటల విషయంలో 2020లో చేర్చిన నియమం కూడా ఇంతే. కొత్త కోడ్‌లో ‘ప్రైమరీ-సెకండరీ’, ‘డినైలిస్ట్’ లాంటివి వాడమంటుంది, యూజర్ స్పేస్ ఒప్పందానికో హార్డ్‌వేర్ ప్రమాణానికో కట్టుబడ్డ పాత పేర్లకు మినహాయింపు ఇస్తుంది.

పేరు బదులు టైపే పెడితే?

వీలున్నచోట ఇదే అన్నిటికన్నా మంచి దారి, నా మొదటి కొలత కూడా ఇటే తోస్తుంది. కంపైలర్ పట్టుకోలేనిదాన్ని కంపైలర్ పట్టుకునేట్టు చేస్తే పేరు మీద బరువు తగ్గుతుంది. లినక్స్‌లో యూజర్ నంబర్ ఒకప్పుడు ఉత్త పూర్ణాంకం. ఒక్కో కంటైనర్‌కి సొంత యూజర్ నంబర్లు ఇచ్చే యూజర్ నేమ్‌స్పేస్‌లు వచ్చాక, కంటైనర్ లోపల కనిపించే నంబరూ కెర్నల్ నిజంగా లెక్కలోకి తీసుకునే నంబరూ వేరయ్యాయి. అవి కలిసిపోతే సెక్యూరిటీకే చిల్లు. పేర్లతో జాగ్రత్తపడమనకుండా కెర్నల్ నంబర్‌ని ఒకే సభ్యుడున్న స్ట్రక్చర్‌లో పెట్టి ‘కేయూఐడీ_టి’ అన్నారు. ఇప్పుడు ఒకదాని చోట ఇంకోటి పెడితే కోడ్ కంపైలే కాదు.

2022 జనవరిలో 5.16తో వచ్చిన ‘ఫోలియో’ కూడా అలాంటిదే. అంతకుముందు ‘పేజ్’ అనే పాయింటర్ ఒంటి పేజీది కావచ్చు, చాలా పేజీలు కలిసిన పెద్ద పేజీకి తల (మొదటి పేజీ) కావచ్చు, తోక (మిగతావాటిలో ఒకటి) కావచ్చు. ఏదో తెలియక ప్రతి ఫంక్షనూ మళ్లీ మళ్లీ తల ఎక్కడో వెతుక్కునేది. ఫోలియో అంటే తోక కాదని టైపే హామీ ఇస్తుంది. రస్ట్ భాషలో (లినక్స్‌లోకి 2022 డిసెంబర్‌లో 6.1తో అడుగుపెట్టింది) ఇలా కొత్త టైపు కట్టడం ఇంకా తేలిక. మిల్లీసెకన్లకు ఒక టైపు పెట్టుకుంటే వేరియబుల్‌ని ‘టైమౌట్’ అని వదిలేయవచ్చు.

అయితే సీలో ప్రతి పూర్ణాంకాన్నీ స్ట్రక్చర్‌లో చుట్టలేం. చుట్టిన ప్రతిదానికీ కూడిక, పోలిక అన్నీ చేతితో రాయాలి. తప్పు జరిగితే సెక్యూరిటీయో డేటాయో పోయేచోట చుట్టండి, మిగతాచోట్ల తోక చాలు.

హార్డ్‌వేర్ రిజిస్టర్ల దగ్గర ఇవేవీ పనిచేయవు. డేటాషీట్‌లో ‘సీటీఆర్ఎల్2’ అని ఉంటే, అది ఎంత అనాకారి పేరైనా, రిజిస్టర్ కాన్‌స్టెంట్‌కి అదే పేరు పెట్టండి. రేపు ఇంకొకరు డేటాషీట్ పక్కన పెట్టుకుని మీ కోడ్‌లో ఆ మాటే వెతుకుతారు. అందులోంచి చదివిన విలువని లోకల్ వేరియబుల్‌లో పెట్టుకునేటప్పుడు మాత్రం అర్థం చెప్పే పేరు మీదే: ‘ఫిఫో_లెవెల్_బైట్స్’. డేటాషీట్ ఆ లెక్కని 32 బిట్ల పదాల్లో ఇస్తోందేమో ముందు చూసుకుని.